హెడ్‌సెట్ తీసేసినవాళ్ళను లెక్కలోంచి తీసేయమంటున్నారు

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి ఊరి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్ళు. కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏడు నడుస్తోంది. నాపబండల గనుల్లో పనిచేసేవాళ్ళకు వర్చువల్ రియాలిటీ (వీఆర్)తో భద్రత నేర్పవచ్చా అన్నది ఆమె అంశం. హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్ళ ముందు గని కనిపిస్తుంది. అంచుకు ఎంత దూరంలో నిలబడాలి, నిలబెట్టిన బండల వరుస ఎప్పుడు ఒరుగుతుంది, కోత మిషన్ దగ్గర చెయ్యి ఎక్కడ ఉండాలి, ఇవన్నీ అందులో చూసి నేర్చుకోవచ్చు. ఆమె చిన్నమ్మ బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. చిన్నమ్మ మాట మీద ముప్పై మందికి పైగా కూలీలు ప్రయోగానికి వచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళలో దాదాపు మూడోవంతు మంది మధ్యలోనే హెడ్‌సెట్ తీసేశారు. కొందరికి తల తిరిగింది, కొందరికి వాంతి వచ్చేట్టు అయింది. ఒకామె గని అంచు కనబడగానే "పడిపోతా" అని కేకేసి కింద కూర్చుండిపోయింది. కొప్పు మీద పట్టీ నిలవక ఇంకొందరు విసుక్కున్నారు. ఎవరెవరు ఏమన్నారో ఆమె ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నారు. ఎక్కువమంది తీసేసింది మాత్రం ట్రాక్టర్‌లో గనిలోకి దిగే దృశ్యం దగ్గర.

బండల గనిలో పనిచేసే మేనమామ కూడా వచ్చాడు. ఇరవై నిమిషాలూ పూర్తిగా పెట్టుకున్నాడు. ప్రశ్నల కాగితంలో అన్నిటికీ "ఏమీ లేదు" అనే చెప్పాడు. తర్వాత బైక్ మీద ఇంటికి పోతూ కమలాపురం రోడ్డులో పడ్డాడు. మణికట్టు విరిగింది. "నాదే తప్పులే పాపా, గుంత చూసుకోలేదు" అంటున్నాడు. కానీ ట్రాక్టర్ బొమ్మ వచ్చినప్పటి నుంచి తల దిమ్ముగానే ఉండిందని తర్వాత వాళ్ళక్కతో, అంటే ఈమె అమ్మతో చెప్పాడు. అత్త మాట్లాడటం మానేసింది. "మనోళ్ళ మీదనే ఏంటికి ఈ ప్రయోగాలు, ఆపెయ్" అని అమ్మ పట్టుబడుతోంది.

గైడ్ ఏమో మధ్యలో తీసేసినవాళ్ళను లెక్కలోంచి తొలగించి, ఆ ఖాళీని బీటెక్ పిల్లలతో నింపమంటున్నారు. మామ పడ్డదానికీ ప్రయోగానికీ సంబంధం లేదు కాబట్టి ఎక్కడా రాయవద్దంటున్నారు. పేపర్ పంపడానికి నెలన్నర గడువుంది. శ్రావణంలో పెళ్ళి. అబ్బాయిది బెంగళూరులో ఉద్యోగం. "సార్‌కు ఎదురు చెబితే నాలుగేళ్ళ కష్టం పోతుంది. చెప్పకపోతే మామ ముఖం చూడలేను. టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదు. అసలు ఎండలో బండలు మోసేవాళ్ళ దగ్గరికి ఈ హెడ్‌సెట్ తీసుకుపోవడమే తప్పా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక సంగతి మీరే రాశారు గానీ, దాని మీద ఆగకుండా ముందుకు వెళ్ళిపోయారు. హెడ్‌సెట్ తీసేసినవాళ్ళంతా క్షేమంగా ఇళ్ళకు చేరారు. తీయకుండా ఓర్చుకున్న మీ మామ పడ్డాడు. మీ గైడ్ చెప్పినట్టు చేస్తే పేపర్‌లోంచి పోయేది తమకు బాగా లేదని నిజం చెప్పినవాళ్ళు. మిగిలేది బాగా లేకపోయినా "ఏమీ లేదు" అన్న మీ మామ. ఆయన కాగితం ఇప్పుడు మీ దగ్గర "ఏ ఇబ్బందీ లేని వ్యక్తి" లెక్కలో ఉంది. దాన్ని చూసి రేపు ఎవరైనా ఇరవై నిమిషాల శిక్షణ హాయిగా సాగుతుందని నమ్ముతారు. మీ నిద్ర పోగొట్టినది ఇదేనని నాకు అనిపిస్తోంది. అది మీ మనసు బలహీనత కాదు, పరిశోధకురాలిగా మీకున్న మంచి బుద్ధి.

మామ ఎందుకు తీయలేదో మీకు తెలుసు. మేనకోడలి చదువు. తను తీసేస్తే పాపకు మార్కులు పోతాయనుకుని ఉంటాడు. చిన్నమ్మ పిలిస్తే వచ్చిన ఆడవాళ్ళలో కూడా కొందరు చిన్నమ్మ మాట పోకూడదని చివరిదాకా కూర్చుని ఉంటారు. "ఎప్పుడైనా ఆపేయవచ్చు" అని మీరు చెప్పే ఉంటారు. కానీ చుట్టరికం, పని చోట మొహమాటం ఉన్న దగ్గర ఆ మాట చెవిన పడినా మనసుకు ఎక్కదు. అమ్మ అడిగిన "మనోళ్ళ మీదనే ఏంటికి" అన్న ప్రశ్న కోపంలోంచి వచ్చింది గానీ, ప్రశ్న మాత్రం సరైనదే. ఈసారి చుట్టాలను పిలవకండి. చిన్నమ్మ ద్వారా పిలిచినా ఆమెను గదిలో ఉంచకండి. ఆపేసినవాళ్ళకూ పూర్తి చేసినవాళ్ళకూ ఒకే కూలి ఇస్తామని ముందే చెప్పండి. ఇంతకూ వచ్చినవాళ్ళకు పోయిన పూట కూలి ఇచ్చారా? ఉత్తరంలో ఆ మాట లేదు. ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇవ్వండి.

ముందు మామ విషయం తేల్చుకుందాం. పేపర్ ఆగుతుంది గానీ ఇది ఆగదు. ట్రాక్టర్ దృశ్యంలో కళ్ళు "కిందికి దిగుతున్నాం" అంటాయి. లోపలి చెవిలో ఉండే సమతుల్యపు అవయవం "కుర్చీలో కదలకుండా ఉన్నాం" అంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరనప్పుడు తల తిరుగుడు, వాంతి భావం వస్తాయి. ఘాట్ రోడ్డులో బస్సులో కూర్చుని ఫోన్ చూస్తే వచ్చే వికారం లాంటిదే, కాకపోతే ఇక్కడ చెవికీ కంటికీ పాత్రలు తారుమారవుతాయి. హెడ్‌సెట్ తీయగానే ఇది అందరికీ పోదు. కొందరికి గంటల తరబడి ఉంటుంది. అందుకే పూర్తిగా తేరుకునేదాకా బండి నడపవద్దని హెడ్‌సెట్‌లు తయారుచేసే కంపెనీలే జాగ్రత్తల కాగితంలో రాస్తాయి. మామను కాసేపు కూర్చోబెట్టారా, బైక్ మీద పోవద్దన్నారా అన్నది మీరు రాయలేదు. రాయలేదంటే చెప్పలేదనే అనుకుంటున్నాను.

పడింది దానివల్లేనా? రోడ్డులో గుంత ఉంది, తలలో దిమ్ము ఉంది. ఏది పడేసిందో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. "సంబంధం ఉంది" అని రుజువు చేయలేనట్టే "సంబంధం లేదు" అనీ రుజువు చేయలేరు. మీ గైడ్ ఆ రెండో మాటను ఎంతో ధీమాగా అంటున్నారు, అక్కడే నాకు అభ్యంతరం. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు: పాల్గొన్న ఒక వ్యక్తి ఆ రోజే ఇంటికి వెళ్తూ బైక్ మీంచి పడ్డారు, ప్రయోగ సమయంలో తల దిమ్ముగా ఉండిందని తర్వాత చెప్పారు. ఇందులో నింద లేదు, దాపరికమూ లేదు.

మామ దగ్గరికి వెళ్ళండి. "నీ తప్పు కాదు మామా, నిన్ను కూర్చోబెట్టి పంపాల్సింది నేను" అని అత్త వినేటట్టు చెప్పండి. అత్త కోపం చాలావరకు ఈ ఒక్క మాట కోసమే అని నా అంచనా. మణికట్టు విరిగిన మనిషి కొన్ని వారాలు బండ ఎత్తలేడు. అంటే ఆ ఇంట్లో కూలి ఆగిపోయింది. ఆస్పత్రి ఖర్చు ఎంతయింది, పనికి పోలేని రోజులకు ఎలా గడుస్తోంది అని అడగండి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో తెచ్చిన మార్గదర్శకాలు, పరిశోధనలో పాల్గొని దెబ్బ తగిలినవాళ్ళకు ఉచిత వైద్యం, పరిహారం దక్కాలంటాయి. అవి ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవి. "మాది కంప్యూటర్ సైన్స్, మాకు వర్తించవు" అని మీ డిపార్ట్‌మెంట్ అనవచ్చు. అయినా మనుషుల శరీరాల మీద ప్రభావం చూపే ప్రయోగం చేస్తున్నప్పుడు ఆ పద్ధతి పాటించాలని నేను గట్టిగా నమ్ముతాను. మీ విశ్వవిద్యాలయంలో, ప్రయోగాల్లో పాల్గొనేవాళ్ళ క్షేమం చూసే నైతిక సంఘం ఉంటే దానికి రాతపూర్వకంగా తెలియజేయండి. పరిహారం గురించి వాళ్ళనే అడగండి. వాళ్ళు తేల్చేదాకా మీకు ఫెలోషిప్ వస్తుంటే అందులోంచి కొంత సర్దండి. మామ వద్దంటాడు. అత్త చేతికి ఇవ్వండి.

ఇంకొకటి. ఆ రోజు నిజంగా ఎలా ఉండిందో మామను మళ్ళీ అడిగి రాసుకోండి. పాత కాగితాన్ని మాత్రం దిద్దవద్దు. అది అలాగే ఉంచి, పక్కన కొత్త తేదీతో ఆయన తర్వాత చెప్పినది చేర్చండి. పూర్తి చేసిన మిగతావాళ్ళను కూడా చిన్నమ్మ లేకుండా అలాగే అడగండి. నాకు అనుమానం ఏమిటంటే, "ఏమీ లేదు" అన్నవాళ్ళు ఇంకా తగ్గిపోతారు.

ఇక గైడ్ మాట. ఆయన్ని దుర్మార్గుడు అనుకోకండి. మధ్యలో ఆపేసినవాళ్ళ సమాచారం పనికిరాదని ఆయన నిజంగానే నమ్ముతూ ఉండవచ్చు. కానీ మీ శాస్త్రం పుట్టిన తీరే ఆ నమ్మకానికి ఎదురు నిలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు కూలినప్పుడల్లా "పైలట్ పొరపాటు" అని రాసి పక్కన పెట్టేవాళ్ళు. పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అలాంటి 460 పొరపాట్లను పోగుచేసి 1947లో విశ్లేషించారు. పైలట్లు ఒక మీట అనుకుని ఇంకో మీట లాగుతున్నారని, మీటల ఆకారం, అమరిక అలా ఉన్నాయని తేలింది. ఆల్ఫాన్స్ షపానిస్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త అయితే విమానం చక్రాలను కదిపే మీటకు చక్రం ఆకారం పిడి, రెక్క అంచు పలకలను కదిపే మీటకు రెక్క ఆకారం పిడి పెట్టమన్నాడు. చేత్తో తడిమితేనే ఏది ఏదో తెలిసిపోతుంది. ఆ 460 సంఘటనలను "చెడిపోయిన సమాచారం" అని పారేసి ఉంటే మనిషికీ యంత్రానికీ మధ్య ఏం జరుగుతుందో చదివే ఈ శాఖ ఇలా ఎదిగేదే కాదు. మీ నోటుపుస్తకంలో ఉన్నవి అలాంటివే. దాన్ని జాగ్రత్త చేసుకోండి.

ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని, తీసేసినవాళ్ళను ఒకే గంపలో వేయకుండా విడదీయండి. అంచు దగ్గర కూర్చుండిపోయిన ఆమెకు జబ్బు చేయలేదు, భయం వేసింది. తను నిజంగా అక్కడే ఉన్నట్టు, ఎదుట జరుగుతున్నది నిజమే అన్నట్టు మనసు నమ్మడాన్ని మెల్ స్లేటర్ అనే వీఆర్ పరిశోధకుడు 2009లో రెండు వేర్వేరు భ్రమలుగా విడదీసి చెప్పాడు. ఆ రెండూ ఆమెలో పనిచేశాయి. ఒక రకంగా మీ గని దృశ్యం గెలిచింది ఆమె దగ్గరే. ఆమెను వైఫల్యం కింద తీసేస్తే మీ గెలుపునే మీరు కొట్టేసుకున్నట్టు.

కొప్పు సంగతి దీనికి పూర్తిగా వేరు. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చేసిన తొలినాటి హెడ్‌సెట్‌ను పైకప్పు నుంచి వేలాడే యంత్రపు చేతికి బిగించి వాడేవారు. అప్పటి నుంచి బరువు ఎంతో తగ్గింది గానీ, వెనక పెద్ద కొప్పు, అందులో పూలు ఉన్న తలను ఇప్పటి పట్టీలు కూడా తలచుకున్నట్టు లేవు. కొప్పు మీద పట్టీ జారితే ముందు భాగం పైకో కిందికో జరుగుతుంది. కటకం మధ్య భాగం కనుపాపకు ఎదురుగా ఉండదు. బొమ్మ మసకగా కనబడి కళ్ళు లాగుతాయి, తల నొస్తుంది. రెండు కళ్ళ మధ్య దూరానికి కటకాల దూరం సరిపోకపోయినా అంతే. 2020లో కే స్టానీ అనే పరిశోధకురాలి బృందం ఆడవాళ్ళకు ఎక్కువ వికారం రావడానికి ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటని చూపించింది. ఒక్కొక్కరికీ ఆ దూరం సరిచేశారా? చేయకపోతే "ఆడ కూలీలకు వీఆర్ పడదు" అనే తప్పు తీర్పు మీ థీసిస్‌లోంచి బయటికి పోయే ప్రమాదం ఉంది. బీటెక్ కుర్రాళ్ళను చేర్చి లెక్క సరిచేస్తే ఆ తప్పు ఇంకా లోతుగా పాతుకుపోతుంది.

ట్రాక్టర్ దృశ్యం మూడో సంగతి. అక్కడ బొమ్మ తడబడిందేమో కంప్యూటర్ లాగ్ చూడండి. తడబడకపోయినా, కూర్చున్న మనిషిని బలవంతంగా కదిలించే దృశ్యాలు వికారం తెప్పిస్తాయని ఈ రంగంలో అందరికీ తెలుసు. ఆ దిగుడు తీసేసి నేరుగా గని నేల మీద నిలబెడితే భద్రత పాఠంలో ఏమి తగ్గుతుంది? నాకైతే ఏమీ కనబడలేదు.

మీ ప్రశ్నల కాగితం 1993లో కెనెడీ అనే పరిశోధకుడి బృందం తయారుచేసిన 16 వికార లక్షణాల పట్టిక అయితే, దాన్ని ప్రయోగానికి ముందు కూడా అడిగారా అన్నది ముఖ్యం. అది అమెరికా నౌకాదళపు సిమ్యులేటర్ శిక్షణలోంచి పుట్టింది. మీ దగ్గరికి వచ్చినవాళ్ళు పొద్దున్నుంచి రాతి దుమ్ములో, ఎండలో పనిచేసి వచ్చారు. తలనొప్పి, అలసట, కళ్ళ మంట వాళ్ళతో పాటే గదిలోకి వచ్చి ఉంటాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

గైడ్ చెప్పినట్టే చేయవచ్చు. పేపర్ వెళ్తుంది, బహుశా అచ్చవుతుంది కూడా. కానీ విద్యార్థులను కూలీల లెక్కలో కలిపి, ఆ మాట చెప్పకుండా అచ్చువేయడం తప్పుడు సమాచారమే. బయటపడితే పేపర్ వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది, మొదటి పేరు మీదే ఉంటుంది. బయటపడకపోతే ఇంకా కష్టం. మీ మాట నమ్మి ఏ గనిలోనో శిక్షణ మొదలుపెడతారు, ఆ పూటే కూలీలు కోత మిషన్ దగ్గరికో బైక్ మీదికో వెళ్తారు. ఈ దారి వద్దనే నా అభిప్రాయం. అయినా దాని ఖర్చు మీకు తెలియాలని రాశాను.

రెండోది, గైడ్‌ను ఒప్పించే ప్రయత్నం. "మీరు చెప్పింది తప్పు సార్" అని మొదలుపెట్టకండి. ఒక పేజీ పట్టికతో వెళ్ళండి. ఎంతమంది మొదలుపెట్టారు, ఎవరు ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు అన్నది అందులో ఉండాలి. బీటెక్ పిల్లలను కూడా తీసుకుందాం సార్, కానీ వేరే గుంపుగా చూపించి పోలుద్దాం అనండి. అప్పుడు ఆయన మాట కూడా కొంత నిలబడుతుంది, పేపర్ కూడా బలపడుతుంది. ఎందుకు ఆపారు అన్నదానికి ఇంత స్పష్టమైన జవాబు ఉన్న పేపర్‌ను ఈ రంగంలో మంచి సమీక్షకులు విలువైనదిగానే చూస్తారు. నెలన్నరలో ఇది అవుతుందా? కష్టపడితే కావచ్చు. కాకపోతే ఈ గడువు వదిలేయండి. మాట్లాడి వచ్చాక ఏమనుకున్నారో ఆయనకు మర్యాదగా మెయిల్ పెట్టండి. రేపు మాట మారితే ఆ మెయిల్ మీకు ఆధారం.

ఆయన ససేమిరా అంటే మీ పరిశోధన సలహా సంఘం ఉంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో మీరు ఆ సంఘం ముందు పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. అక్కడ ఫిర్యాదు చేయనక్కర్లేదు. అదే పట్టిక చూపించి, "మధ్యలో ఆపినవాళ్ళను ఎలా చూపించమంటారు?" అని సలహా అడగండి. నలుగురి ముందు ఆ ప్రశ్నకు "దాచెయ్" అని జవాబు చెప్పడం ఎవరికీ సులువు కాదు. దీనివల్ల గైడ్ మనసు నొచ్చుకోవచ్చు. సంతకాలు ఆలస్యం కావచ్చు, కొన్నాళ్ళు ముభావంగా ఉండవచ్చు. దానికి సిద్ధపడే వెళ్ళాలి.

"నాలుగేళ్ళు పోతాయి" అన్న భయం గురించి. అదే 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్ళు, తిరిగి నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్ళు, ఆడవాళ్ళకు ఆపైన మరో రెండేళ్ళ సడలింపు ఉంది. థీసిస్ ఇవ్వడానికి ముందే పేపర్ అచ్చయి తీరాలన్న షరతును కూడా యూజీసీ తీసేసింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకుందేమో పరిశోధన విభాగంలో అడిగి తెలుసుకోండి. శ్రావణం అనేది మీ పెళ్ళి గడువు, మీ థీసిస్ గడువు కాదు. ఈ రెండింటినీ ఎవరు ముడివేశారో గానీ, విప్పేసే హక్కు మీకుంది.

అసలు అక్కడికి హెడ్‌సెట్ తీసుకుపోవడమే తప్పా అన్నారు. కాదమ్మా. గనుల్లో పనిచేసేవాళ్ళకు శిక్షణ ఇచ్చి తీరాలని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలే చెప్పాయి. దక్షిణాదిలో ఎన్నో ఇళ్ళ నేల కింద కడప బండ ఉంది. దాన్ని తీసేవాళ్ళు ప్రమాదం ఎలా వస్తుందో ప్రమాదం లేని చోట చూసుకోగలిగితే అంతకన్నా కావలసింది ఏముంది? ఆపేయమంటున్న అమ్మకు మీరు ఇప్పుడే జవాబు చెప్పనక్కర్లేదు. మామ చెయ్యి కట్టు విప్పేదాకా కొత్తవాళ్ళను పిలవనని చెప్పండి. ఆ వ్యవధి మీకూ పనికొస్తుంది, ట్రాక్టర్ దృశ్యం మార్చడానికి, కొప్పుకు కుదిరే పట్టీ కుట్టించి చూడటానికి. ఆ పట్టీ విషయంలో మీ చిన్నమ్మను అడగండి, లాబ్‌లో ఎవరికన్నా ఆమెకే బాగా తెలుస్తుంది. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టినా, తీశాక కనీసం అరగంట కూర్చోబెట్టండి, తాగడానికి నీళ్ళివ్వండి, బండి తాళం చెవి ముందే తీసుకుని పెట్టండి. ఇంటి దగ్గర దింపడానికి ఒక ఆటో మాట్లాడుకోండి.

ఇవన్నీ మీకు కాబోయే భర్తకు తెలుసా? ఉత్తరంలో ఆయన ఉద్యోగం తప్ప ఇంకేమీ లేదు. ఈ వారమే ఫోన్ చేసి చెప్పండి, పెళ్ళయ్యాక కూడా ఏడాదో రెండేళ్ళో ఈ పని ఉంటుందని, నెలలో కొన్ని రోజులు ఎర్రగుంట్లలో ఉండాల్సి వస్తుందని. ఇక్కడ గైడ్‌తో పూర్తిగా చెడితే ఇంకో దారి కూడా ఉంది. పెళ్ళి వల్ల ఊరు మారే మహిళా పరిశోధకులు తమ పరిశోధన సమాచారాన్ని కొత్త ఊరి విద్యాసంస్థకు బదిలీ చేసుకోవడానికి ఆ యూజీసీ నిబంధనలు అనుమతిస్తాయి. ఇప్పటిదాకా చేసిన పనిలో పాత గైడ్‌కు, పాత సంస్థకు దక్కాల్సిన గుర్తింపు ఇవ్వాలి. ఆ పని ఏదైనా నిధుల సంస్థ మీ గైడ్‌కు గానీ సంస్థకు గానీ మంజూరు చేసిన ప్రాజెక్టులో భాగమై ఉండకూడదు. మీరు వాడుతున్న హెడ్‌సెట్‌లు ఏ డబ్బుతో కొన్నారో, మీ అంశం పేరు ఏ ప్రాజెక్టు కాగితంలోనైనా ఉందో ముందు ఆఫీసులో కనుక్కోండి. బెంగళూరులో కొత్త గైడ్‌ను వెతకడం దాని తర్వాతి పని.